సరోజినక్క రాయని కార్డులు

మా మిల్లుకి నూట యాభై ఏళ్ళు నిండాయని ఇంగ్లండు నుంచి ఈమెయిల్ వచ్చిన రోజున నాకు సంతోషం వెయ్యలేదు, చిరాకేసింది. ఎందుకంటే నూట యాభై నిండింది యార్క్‌షైర్‌లోని తల్లి కంపెనీకి. ఆక్లండ్‌కి దక్షిణాన, పాపటోయిటోయి దాటాక, రేకుల షెడ్డు కింద పనిచేసే మాకు నిండినవి అరవై రెండే. కంపెనీ పేరు థ్రాకర్ అండ్ సన్స్. ఉన్ని గుడ్డ నేస్తాం. సోఫాలకి, సినిమా హాలు కుర్చీలకి, విమానం సీట్లకి పోతుంది. ఈ పండగ సందర్భంగా పుస్తకం ఒకటి వేస్తున్నారట, ప్రతి దేశంలో ఉన్న శాఖా తన చరిత్రని రెండు పేజీల్లో పంపాలట. ఆఫీసులో రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి, మేనేజర్ గ్రాంట్ ఆ పని తెచ్చి నా నెత్తిన పెట్టాడు.

నా పేరు మహిధర్. కరీంనగర్ నుంచి చదువుకోవడానికని వచ్చి, చదివినదానికీ దొరికిన ఉద్యోగానికీ పొంతన లేకుండా ఎనిమిదేళ్ళుగా ఈ మిల్లులో రికార్డులు ఎక్కిస్తున్నాను.

చరిత్ర కోసం బీరువాలన్నీ వెతికాను. జొసయా థ్రాకర్ అనే నేతగాడు ఏటి ఒడ్డున ఆరు మగ్గాలతో మొదలుపెట్టాడు. కొడుకులు వాటిని అరవై చేశారు. యుద్ధాలొస్తే సైనికులకి దుప్పట్లు నేశారు. ఉన్ని ఎక్కడుంటే మగ్గాన్ని అక్కడికే తీసుకుపోదామని మనవలు పందొమ్మిది వందల అరవై రెండులో పన్నెండు మగ్గాలని ఓడలో ఇక్కడికి పంపారు. మునిమనవలకి మగ్గాల మోత పడలేదు, అమ్మేశారు. కొన్న తివాచీల కంపెనీని ఇంకో కంపెనీ మింగింది. దాన్ని లండన్‌లో ఎవరో పెట్టుబడుల వాళ్ళు కొన్నారు. వాళ్ళ దగ్గర్నుంచి అయిదేళ్ళ కిందట కారు సీట్లు చేసేవాళ్ళు కొన్నారు. గేటు మీద బోర్డులో థ్రాకర్ పేరు కింద యజమాని పేరు నాలుగు సార్లు మారింది. లోపల మగ్గాలు మాత్రం ఆ ఓడ దిగినవే. ఇన్ని కాగితాల్లో అమ్మినవాళ్ళ పేర్లున్నాయి, కొన్నవాళ్ళ పేర్లున్నాయి. సూది పట్టుకున్న మనిషి పేరు మాత్రం ఒక్కటంటే ఒక్కటి కనిపించలేదు. ఆ పుస్తకంలో ఎలాగూ పట్టదు కనుక, ఇక్కడ రాస్తున్నాను.

ఆమె పేరు సరోజిని. నేను సరోజినక్క అంటాను. మెండింగ్ రూంలో పని. మగ్గం మీంచి దిగిన గుడ్డలో ఒకచోట పోగు తెగి ఉంటుంది, ఒకచోట పేక, అంటే అడ్డపోగు, ఒక వరస తప్పి ఉంటుంది. ఆ తప్పుని చేత్తో తడిమి పట్టుకుని, అదే రంగు ఉన్నిపోగుని సూదికెక్కించి, నేత ఎలా నడిచిందో అలాగే పైకీ కిందికీ పోనిచ్చి నింపేస్తుంది. హైదరాబాద్‌లో రఫూ అంటారే, అది. నింపాక అక్కడ తప్పు ఉండేదని ఆమె చూపిస్తే తప్ప ఎవరూ కనిపెట్టలేరు. ఒక్కోసారి ఆమె కూడా వెతుక్కుంటుంది.

పుట్టింది సిరిసిల్లలో. వాళ్ళ నాన్నకి రెండు సాంచాలు ఉండేవి. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. ఏడేళ్ళ వయసు నుంచి తెగిన పోగులు అతకడం ఆమె పని. పెళ్ళయ్యాక నేత మొహం చూడలేదు. భర్త విద్యాసాగర్ బండ్ల ఎలక్ట్రీషియన్‌గా ఇక్కడికి వస్తే వెంట వచ్చింది. అప్పటికి ఆమెకి వచ్చిన ఇంగ్లిష్ రెండు మాటలు, యెస్ అనీ సారీ అనీ. మనుషులని పనులకి పంపే ఏజెన్సీ వాళ్ళు ఆమెని మా మిల్లులో ఊడ్చే పనికి పంపారు.

ఊడుస్తూ ఊడుస్తూ ఒకరోజు సత్యానంద్ మగ్గం దగ్గర ఆగింది. అప్పుడే దిగిన తానులో పేక ఒక వరస తప్పి ఉంది. చీపురుని గోడకి ఆనించి, జాకెట్‌కి గుచ్చుకున్న సూది తీసి, కింద రాలిన పోగు ఒకటి ఏరి, నిలబడే నింపేసింది. సత్యానంద్ వెనక నుంచి చూస్తున్నాడు. ఆయన ఫిజీ నుంచి వచ్చినవాడు. ముత్తాత ఎప్పుడో విశాఖపట్నం వైపు నుంచి చెరకు తోటల్లో కూలికి పోయాడట. తెలుగు ఆ తాతలతోనే పోయింది, ఇంట్లో మిగిలింది ఫిజీ హిందీ. ఆ హిందీలోనే అడిగాడు.

"ఎవరు నేర్పారు బహిన్?"

"మా నాయన" అంది ఈమె, తన హైదరాబాద్ హిందీలో.

ఆయన ఆ తానుని భుజాన వేసుకుని సూపర్‌వైజర్ దగ్గరికి పోయి, ఇందులో తప్పు వెతికి పెట్టమన్నాడు. ఆ పెద్దమనిషి పది నిమిషాలు దీపం కింద వెతికి చేతులెత్తేశాడు. తరవాతి సోమవారం నుంచి సరోజినక్క మెండింగ్ రూంలో ఉంది. అది జరిగి పందొమ్మిదేళ్ళు. అప్పుడు ఆ గదిలో నలుగురు ఆడవాళ్ళు ఉండేవారు. ఒక్కొక్కరే రిటైరయ్యారు, కొత్తవాళ్ళని తీసుకోలేదు. చివరికి ఈమె ఒక్కతే మిగిలింది.

ఇక్కడ కార్డుల సంగతి చెప్పాలి. ప్రతి తానుకీ ఒక కార్డు గుచ్చి ఉంటుంది. దాని మీద నేసినవాడి పేరు ఉంటుంది. ఎన్ని తప్పులు దొరికాయో మెండింగ్ చేసే మనిషి రాయాలి. నెలలో ఇన్ని దాటితే నేసినవాడికి పసుపు చీటీ వస్తుంది. చీటీ వచ్చినవాణ్ణి ముందు కంపెనీ ఖర్చు మీద కళ్ళ పరీక్షకి పంపుతారు, అప్పటికీ కుదరకపోతే వేరే పనికి మారుస్తారు, అదీ కుదరకపోతే ఇంటికి పంపుతారు. యార్క్‌షైర్ నుంచి మగ్గాలతో పాటు దిగిన పద్ధతి ఇది. మిల్లులో అందరికీ గుర్తున్నది మాత్రం ఆ చివరి ముక్కే. పసుపు చీటీ అంటే ఇంటికే అనుకుంటారు.

సరోజినక్క సత్యానంద్ కార్డుల మీద తప్పులు రాసేది కాదు. మొదట్లో రాయడానికి పెద్దగా ఉండేదీ కాదు. ఆరేళ్ళ నుంచి పెరిగాయి. తానుకి నాలుగు, ఆరు, తొమ్మిది. అన్నీ ఎడమ అంచు పక్కనే, జానెడు లోపలే. పాత మగ్గం కదా, ఆ పక్క ఏదో అరిగిపోయి ఉంటుందనుకుంది. నింపేసి, కార్డు మీద సున్నా చుట్టేది. మిగతావాళ్ళవి ఒకటీ అరా ఉంటే అవీ చాలాసార్లు వదిలేసేది. ఆ సున్నాని నేను కంప్యూటర్‌లో ఎక్కించేవాణ్ణి. నాకు తెలియదా అంటే తెలుసు. ఓసారి ఆమె బల్ల మీద తొమ్మిది చోట్ల సుద్ద గీతలున్న తాను చూశాను, సాయంత్రానికి కార్డు మీద సున్నా చూశాను.

"ఇదేంది అక్కా?" అన్నాను.

"రాస్తే ఏమొస్తది మహీ? బట్ట మంచిగయింది. ఇగ మనిషెందుకు ఖరాబు గావాలె?" అంది.

నాకు ఆ మాట నచ్చింది. నవ్వేసి సున్నా కొట్టాను. అలా ఎన్ని కొట్టానో నాకే గుర్తులేదు.

ఈ సంగతి మా ఇద్దరికే తెలుసు, సత్యానంద్‌కి తెలియదు. ఏటా డిసెంబరులో తప్పులు లేని నేతగాడని ఆయనకి ఇత్తడి ఫలకం ఇచ్చేవారు. అరవై మూడేళ్ళ వయసులో పాతికేళ్ళ కుర్రాళ్ళ కంటే బాగా నేస్తున్నానని ఆయన నిజంగా నమ్మాడు. టీ బ్రేక్‌లో నా భుజం మీద చెయ్యి వేసి, "నా కార్డులు చూస్తున్నావా మహీ?" అని అడిగేవాడు. చూస్తున్నానని చెప్పేవాణ్ణి. ఆయన కనబడితే సరోజినక్క తల వంచుకుని సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు ఉండేది.

చరిత్ర అడిగిన మెయిల్ వచ్చిన పది రోజులకి ఇంకో మెయిల్ వచ్చింది. గ్రాంట్ నన్ను గదిలోకి పిలిచి తలుపు మూశాడు. ఆరేళ్ళ రికార్డులు చూశారట. తప్పులు దాదాపు లేనే లేవట. తప్పులే లేని మిల్లుకి మెండింగ్ రూం దేనికని అడుగుతున్నారు. మూడు వారాల్లో హెడ్డాఫీసు నుంచి నాణ్యత చూసే పెద్దావిడ వస్తుంది, చూసి, ఆ నెలాఖరుకి గది మూసేయమంటుంది. అప్పటిదాకా ఎవరికీ చెప్పొద్దన్నాడు.

ఆ సున్నాలు నేను కొట్టినవి. ఎంత బాగా కొట్టానంటే, ఆమె ఉద్యోగం మీదికే తెచ్చాను. ఒకటిన్నర రోజు నోరు కట్టుకున్నాను. నా వల్ల కాలేదు. మర్నాడు పొద్దున ఆరుంబావుకి, షిఫ్టు మొదలవక ముందు, కార్ పార్కులో ఆమె కారు పక్కన నిలబడ్డాను.

"ఏంది మహీ, పొద్దుగాల్నే మొఖం గట్ల వెట్టినవ్?"

చెప్పాను. ఆమె కారు తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తాళం చెవి ఇంకా కారుకే ఉంది.

"నేను చేసిన పని కనవడకుండ ఉండాల్నని నేర్చుకున్న. గిప్పుడు కనవడలేదని తీసేస్తరా?" అంది.

"నెలాఖరు దాకా టైముంది అక్కా. ఏదన్నా చేద్దాం."

"ఏం చేస్తవ్? సాగర్ నడుము పోయి మూడేండ్లాయె. పది నిమిషాలు నిలవడలేడు. ఇల్లంత నా మీదనే నడుస్తుంది. యాభై ఏడేండ్లొచ్చినయ్ నాకు. మళ్ల పోయి చీపురు పట్టాల్నా?"

లోపలికి నడిచాం. ఆమె దీపం వేసి, తాను పరిచి, మామూలుగానే కూర్చుంది.

ఆ తరవాతి మూడు వారాలూ నేను మరిచిపోలేను. ఆఫీసు తలుపు చప్పుడైతే చాలు, ఆమె చెయ్యి గుడ్డ మీద ఆగిపోయేది. గ్రాంట్ ఆ వైపు నడిస్తే లేచి నిలబడేది, అతను పక్కకి తిరిగిపోతే మళ్ళీ కూర్చునేది. సూది వేలిలో దిగింది. పందొమ్మిదేళ్ళలో అదే మొదటిసారి అని ఆమె రక్తం చూసి భయపడింది, నొప్పికి కాదు. నల్ల తానులో ముదురు నీలం పోగు నింపి, సగం దాకా వెళ్ళాక చూసుకుని, విప్పదీసి, ఏడ్చింది. డబ్బాలో తెచ్చుకున్న అన్నం తెచ్చుకున్నట్టే తీసుకుపోయేది. ఇంటికి పోతూ కారులోంచి నాకు ఫోన్ చేసి, "ఏం లేదు తియ్యి" అని పెట్టేసేది. హైదరాబాద్‌లోని వాళ్ళన్న ఫోన్‌లో, విద్యాసాగర్ బావ ఇంట్లో, ఏమైందని అడిగితే ఎండలు అని చెప్పిందట. అది జూలై నెల. ఇక్కడ చలికాలం.

నేను ఒకటే పాట పాడాను. "ఇప్పటినించైనా రాయి అక్కా. ఉన్నదున్నట్టు రాయి. వాళ్ళొచ్చేసరికి పదిహేను రోజుల కార్డులుంటయ్. తప్పులున్నయని తెలుస్తది, గది ఉంటది."

ఒకరోజు రాసింది. సత్యానంద్ కార్డు మీద ఏడు అని రాసి, నా బల్ల దాకా తెచ్చింది. నేను చెయ్యి చాపాను. ఇవ్వలేదు.

"ఇది ఎక్కిస్తే చీటీ పోతదా?"

"ఒక్క కార్డుకి పోదు. ఇట్లనే నాలుగు వస్తే పోతది."

"ఆయనకు అరవై అయిదు నిండాల్నంటే ఇంక ఏడాదిన్నర ఉన్నది. పెన్షన్ వచ్చేదాంక ఆగుత అంటున్నడు. నాకు ఈ కుర్చీ ఇప్పిచ్చినోడు మహీ ఆయన."

"మరి నీ కుర్చీ పోతది కద అక్కా!" గట్టిగానే అరిచాను. పక్క గదిలోకి వినిపించి ఉంటుంది. నాకు కోపం ఆమె మీద కాదు. నా సున్నాల మీద. కానీ ఎదురుగా ఉన్నది ఆమె కాబట్టి ఆమె మీదే పడింది.

ఆమె కార్డుని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకుని, కొత్త కార్డు తీసి సున్నా చుట్టి నా ముందు పెట్టింది. నేను ఎక్కించాను.

పెద్దావిడ వచ్చింది. పేరు హెలెన్. ఆవిడ మీద కోపం తెచ్చుకుందామని సిద్ధంగా ఉన్నాను, ఆవిడ ఆ అవకాశం ఇవ్వలేదు. గుడ్డ ముట్టుకోబోయే ముందు చేతి ఉంగరం తీసి జేబులో వేసుకుంది. ఉంగరానికి పోగు తగులుకుంటుందని తెలిసిన మనిషి. వాళ్ళమ్మ యార్క్‌షైర్ మిల్లులో మెండర్‌గా చేసిందట. కాగితాలు పక్కన పెట్టి, "మగ్గం మీంచి అప్పుడే దిగిన తానులు మూడు కావాలి, సూది తగలనివి" అంది. "ముగ్గురు నేతగాళ్ళవి. వాళ్ళూ ఉండాలి. ఈమె నాకు తప్పులు చూపించాలి."

సరోజినక్క చేతులు కోటుకి రెండుసార్లు తుడుచుకుంది.

ఏటవాలు బల్ల మీద పెద్ద దీపం వెలిగించారు. మొదటి ఇద్దరి తానుల్లో ఒకదాంట్లో ఒక తప్పు, ఒకదాంట్లో రెండు. సుద్దతో గుర్తు పెట్టింది. మూడో తానుని సత్యానంద్ తనే భుజాన మోసుకొచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడా రోజు. హెడ్డాఫీసు వాళ్ళకి చూపించడానికి తన తాను అడిగారని పొద్దున్నుంచీ అందరికీ చెబుతున్నాడు. బల్ల మీద పరిచి, ముడత లేకుండా రెండు చేతులా సర్ది, వెనక్కి జరిగి నిలబడ్డాడు.

సరోజినక్క చెయ్యి ఆనించింది. మొదటి గజంలోనే వేళ్ళు ఆగాయి. ఎడమ అంచు దగ్గర. ఆమె వాటిని ముందుకి జరిపింది. గుర్తు పెట్టలేదు. మళ్ళీ ఆగాయి. మళ్ళీ జరిపింది. హెలెన్ ఆమె చేతినే చూస్తోంది. మూడోసారి ఆగినప్పుడు హెలెన్ వేలు కూడా వచ్చి అదే చోట ఆగింది. ఆవిడ సుద్దముక్క తీసి సరోజినక్క చేతికి ఇచ్చింది.

గీత పడింది. వెనక్కి వెళ్ళి వదిలేసిన రెండింటి మీదా గీతలు పెట్టింది. తరవాత ఆగలేదు. తాను చివరికి వచ్చేసరికి పదకొండు గీతలు, అన్నీ ఎడమ అంచున, ఒకదాని కింద ఒకటి.

సత్యానంద్ వంగి చూశాడు. ఆయన చూస్తున్నది గుడ్డ నడిమికి. "ఎక్కడ?" అన్నాడు. తల పూర్తిగా పక్కకి తిప్పాక కనబడ్డాయి. కాసేపు చూసి నవ్వాడు. "ఇవాళ మగ్గానికి తిక్క పుట్టింది" అన్నాడు. ఆయన నవ్వుకి ఎవరూ తోడు నవ్వలేదు.

హెలెన్ సరోజినక్కని అడిగింది. "ఇది ఇవాళ్టి సంగతేనా, ముందు నుంచీ ఉందా?"

ఆ ఒక్క ప్రశ్నలో ఏముందో మా ఇద్దరికీ తెలుసు. ఇవాళే అంటే కార్డులు నిజం, ఆయన మర్యాద నిలుస్తుంది, గది మూతపడుతుంది. ముందు నుంచీ అంటే గది ఉంటుంది, ఆయన మాత్రం అందరి ముందూ తల దించుకోవాలి. నేను గోడకి ఆనుకుని నిలబడి, ఇవాళే అనకు అక్కా, అనకు అని లోపల దండం పెట్టుకుంటున్నాను. అలా కోరుకున్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

జవాబు చెప్పడానికి ఆమెకి ఇంగ్లిష్ అందలేదు. నా వైపు తిరిగింది.

"ఆరేండ్ల సంది అని చెప్పు మహీ. దినాం ఇట్లనే ఉంటయ్, నేనే నింపుతున్న, రాస్తలేను అని చెప్పు."

అందులో ధైర్యం ఏమీ లేదు. భయంతోనే చెప్పింది. చీపురు గుర్తొచ్చి చెప్పింది, ఆ మాట నాతో తరవాత తనే అంది. నేను ఇంగ్లిష్‌లోకి మార్చి చెప్పాను. ఆ కార్డులు తెలిసే ఎక్కించానని నా ముక్క కూడా కలిపాను.

సత్యానంద్ ముందు నన్ను చూశాడు. తరవాత ఆమెని చూశాడు. "ఆరేళ్ళా?" అన్నాడు హిందీలో. ఆమె తలూపింది. "అచ్ఛా" అని, తానుని చుట్టడం మొదలుపెట్టాడు. గీతలు చెరిగిపోకుండా మెల్లగా చుట్టాడు.

గది మూయలేదు. ఇంకో మనిషిని కూడా తీసుకోమని హెలెన్ రాసి వెళ్ళింది. సరోజినక్కని మాటలతో హెచ్చరించి వదిలేశారు. నాకు తప్పుడు రికార్డులకి హెచ్చరిక కాగితం ఇచ్చారు. ఇంకా పెద్దది రావలసింది. సత్యానంద్‌కి ఆయన జీవితంలో మొదటి పసుపు చీటీ వచ్చింది. కళ్ళ పరీక్షకి పంపారు. ఆ రోజు వెళ్ళినవాడు మళ్ళీ మగ్గం దగ్గరికి రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తడు. సరోజినక్క ఆ మర్నాటి నుంచీ ఎవరి తానైనా సరే, ఉన్న తప్పు ఉన్నట్టు రాస్తోంది. ఆమె ఉద్యోగం నిలిచింది కానీ అన్నం డబ్బా మాత్రం అలాగే ఇంటికి పోతోంది.

ఆరు వారాలు చూసి, ఒక ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం పాపటోయిటోయిలో ఆయన ఇంటికి వెళ్ళాం. ఆమె సకినాలు చేసి తెచ్చింది. దారి పొడుగునా ఏమనాలో హిందీలో నాకు అప్పజెప్పింది. నా కుర్చీ కోసం మీ పరువు తీశాను, క్షమించండి భాయ్ అని.

ఆయన భార్య తలుపు తీసి లోపలికి రమ్మంది. సత్యానంద్ సోఫాలో కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచాడు. "కూర్చో బహిన్" అన్నాడు. గొంతులో కోపం లేదు. సరోజినక్క అనుకున్న మాటలు అనుకున్నట్టే చెప్పింది, చివర్లో ఏడ్చింది. ఆయన విన్నాడు.

"ఉద్యోగం సంగతి వదిలెయ్. ఎలాగూ పోయేదే" అన్నాడు. "డాక్టర్ ఏమన్నాడో తెలుసా? కళ్ళలో ఒత్తిడి పెరిగే జబ్బట. నొప్పి ఉండదు. పక్క చూపు కొంచెం కొంచెంగా తినేస్తుందట. నాకు ఎడమవైపు ఎక్కువగా పోయింది. పోయింది ఇక రాదట. మిగిలింది చుక్కల మందు వేసుకుని కాపాడుకోవాలట." జేబులోంచి ఆ మందు సీసా తీసి చూపించాడు. "చేసే పనిలో ఇన్నేళ్ళూ తప్పులేవీ రాలేదా, ఎవరూ చెప్పలేదా అని డాక్టర్ అడిగాడు. నేను లేదన్నాను. నాకు ఏటా ఫలకం ఇచ్చారని చెప్పాను."

సరోజినక్క ఏడుపు ఆగిపోయింది.

"నిన్నొకటి అడుగుతాను. మొదటి ఏడాది కూడా ఆ తప్పులు ఎడమ అంచునే ఉండేవా?"

"ఉండేవి భాయ్."

"అప్పుడే నాకు చీటీ వచ్చి ఉంటే, అప్పుడే కళ్ళు చూపించుకునేవాణ్ణి బహిన్."

తిట్టలేదు. తిడితే బాగుండునని నాకు అనిపించింది. ఆరేళ్ళు ఆమె సూదితో, నేను కీబోర్డుతో, ఆయన జబ్బుని ఆయనకి కనబడకుండా నింపేశాం. ఎంత శుభ్రంగా నింపామంటే, ఆ మనిషికే ఆనవాలు దొరకలేదు. మేం దాన్ని ప్రేమ అనుకున్నాం. ప్రేమే కూడా. అదే నన్ను ఇప్పటికీ నిలవనీయడం లేదు.

ఆయన భార్య టీ తెచ్చి బల్ల మీద పెట్టి, సకినాలు పళ్ళెంలో వెయ్యడానికి లోపలికి వెళ్ళింది. సత్యానంద్ మమ్మల్నే చూస్తూ కప్పు కోసం చెయ్యి చాపాడు. వేళ్ళు బల్ల మీద ఖాళీ చోట తడుముతున్నాయి. కప్పు ఇంకా ఎడమకి ఉంది. సరోజినక్క చెయ్యి తనంతట తనే ముందుకి వెళ్ళింది. చప్పుడు కాకుండా కప్పుని ఆయన వేళ్ళ కిందికి జరపబోయింది. దాన్ని ముట్టుకుంది కూడా.

జరపలేదు. చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"కప్పు అక్కడ లేదు భాయ్" అంది. "ఎడమకి జానెడు దూరంలో ఉంది. మీకు కనబడ్తలేదు."

ఆయన తల పూర్తిగా తిప్పి చూసి కప్పు అందుకున్నాడు.